జూన్‌లోనూ మంచే: రాకీ పర్వతాల యాత్రపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మేమిద్దరం విశ్రాంత ఉపాధ్యాయులం. అమెరికాలోని డెన్వర్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి మే నెలాఖరున వెళ్తున్నాం. జూన్ మొదటి వారంలో రాకీ మౌంటెన్ నేషనల్ పార్కు చూపిస్తానని అంటున్నది. మా వారికి 68 ఏళ్ళు; బీపీకి, షుగరుకు మాత్రలు వాడుతున్నారు. నాకు మోకాళ్ళ నొప్పులు. మా వంటి వారికి అంత ఎత్తు తగునా? వెళితే మేము చూడగలిగినవి ఏముంటాయి? ఎండకాలమే కదా, ఉన్ని బట్టలు మోసుకుపోవాలా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, మిగతావన్నీ దాని మీదనే ఆధారపడి ఉన్నాయి. ఉన్ని బట్టలు తప్పనిసరిగా తీసుకువెళ్ళండి. రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయని మనం చెప్పుకునే రోజుల్లో, ఆ పార్కు పైభాగంలో చలికాలం ఇంకా పూర్తిగా పోయి ఉండదు. మనం కాలాన్ని కార్తెలతో లెక్కపెట్టుకుంటాం; ఆ కొండల్లో ఎత్తుతో లెక్కపెట్టుకోవాలి. డెన్వర్ సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. పార్కు వాకిలి వంటి ఊరు ఎస్టెస్ పార్క్ దాదాపు 2,300 మీటర్లు, బేర్ లేక్ అనే సరస్సు దాదాపు 2,900 మీటర్లు, ట్రెయిల్ రిడ్జ్ రోడ్డులో అన్నిటికంటే ఎత్తయిన చోటు 3,713 మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు పడిపోతుంది కనుక, ఉదయం డెన్వర్‌లో చెమటలు పట్టినవారే మధ్యాహ్నానికి పైన మంకీ క్యాపు కోసం సంచీ వెతుక్కుంటారు. దానికి గాలి తోడైతే చెప్పనవసరమే లేదు.

ఆరోగ్యం విషయం. 3,700 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులకు కూడా కాస్త తక్కువే. ప్రతి శ్వాసలో అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. అయితే మీరు మన ఊరి నుంచి నేరుగా అక్కడికి వెళ్ళడం లేదు, డెన్వర్‌లో కొన్ని రోజులు ఉండి వెళ్తున్నారు, అది మీకు కలిసివచ్చే సంగతి. వీలైతే ఎస్టెస్ పార్క్‌లో ఒక రాత్రి నిద్ర చేసి, మరునాడు పైకి వెళ్ళండి. నీళ్ళు ఎక్కువగా తాగండి. బయలుదేరేముందు మీ వారి మాత్రల చీటీని ఇక్కడి డాక్టరుకు చూపించి, ఎంత ఎత్తుకు వెళ్తున్నారో మీటర్లతో సహా చెప్పండి. 'అమెరికా పోతున్నాం' అని మాత్రమే చెబితే ఆయనకు ఈ సంగతి తెలిసే అవకాశం లేదు. పైన తలనొప్పి, వాంతి, తడబాటు వంటివి కనిపిస్తే కాసేపు చూద్దామని కూర్చోకుండా వెంటనే కిందికి దిగిపోవడమే మందు.

ఇక చూడదగినవి. మీ మోకాళ్ళకు సరిపోయేది స్ప్రేగ్ లేక్. సరస్సు చుట్టూ సుమారు కిలోమీటరు బాట, ఎక్కడా మెట్లు లేవు, చక్రాల కుర్చీ కూడా పోతుంది, మధ్యమధ్య బల్లలున్నాయి. భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దున నడిచే అలవాటున్నవారికి ఇదొక లెక్క కాదు. పొద్దున్నే గాలి లేవకముందు వెళితే మంచు కప్పుకున్న శిఖరాలు నీళ్ళలో తలకిందులుగా కనిపిస్తాయి.

ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు కారులో కూర్చుని చూడవలసినది. ఎస్టెస్ పార్క్ నుంచి గ్రాండ్ లేక్ అనే ఊరి వరకు సుమారు 77 కిలోమీటర్ల దారిలో 18 కిలోమీటర్లు చెట్లు మొలవలేనంత ఎత్తులో సాగుతుంది. చలికాలమంతా మూసి ఉండే ఈ దారిలో ఏప్రిల్ నడుమ నుంచి మంచు తవ్వడం మొదలుపెడితే, సాధారణంగా మే నెలాఖరుకు తెరవగలుగుతారు. జూన్ మొదట్లో వెళ్ళేవారికి దక్కే భాగ్యమేమిటంటే, కొన్నిచోట్ల రోడ్డుకు పక్కన మంచు కారు కంటే ఎత్తుగా, గోడ కోసినట్లు నిలబడి ఉంటుంది. రోడ్డంచున పొడవైన కర్రలు పాతి ఉంటాయి. మంచు తవ్వే యంత్రాలకు దారి ఎక్కడున్నదో తెలియడానికి వాటిని పెడతారు. నేను వెళ్ళినప్పుడు సంచీలో ఇంటి నుంచి తెచ్చిన సకినాల ప్యాకెట్టు ఒకటి ఉండిపోయింది. బయటి గాలి పీడనం తగ్గేసరికి అది తలగడలా ఉబ్బింది. ఎత్తు గురించి పుస్తకంలో చదివినదానికంటే ఆ ప్యాకెట్టు నాకు బాగా నేర్పింది.

పైన దిగినప్పుడు కాలిబాట మీదనే నిలబడి కిందికి చూడండి. అంగుళం, రెండంగుళాల మొక్కలు నేలకు అతుక్కుని దిండులా పెరిగి, గోరంత నీలి పూలు పూస్తాయి. వాటికి ఏడాదిలో పెరగడానికి దొరికే కాలం నెలా నెలన్నర మాత్రమే కనుక, మన బూటు కింద నలిగిన మొక్క కోలుకోవడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. బతుకమ్మకు గునుగు, తంగేడు కోసిన చేతులు ఊరుకోవని నాకు తెలుసు. కానీ పార్కులో పువ్వు కోయడం నేరం.

పై చోట్లకు ఉదయమే వెళ్ళి మధ్యాహ్నం 12 గంటలకల్లా దిగి రండి. ఎండకాలంలో మధ్యాహ్నాలు అక్కడ తరచుగా ఉరుములు, మెరుపులు వస్తాయి. చెట్టన్నది లేని గుట్ట మీద నిలబడిన మనిషే పిడుగుకు అన్నిటికంటే ఎత్తయిన గురి అవుతాడు. ఉరుము వినబడితే ఫొటోలు ఆపి కారెక్కి కూర్చోండి.

ప్రశ్న: ఎనిమిదేళ్ళ మనుమడితో అదే పార్కుకు వెళ్తున్నాం. వాడికి జంతువులంటే ప్రాణం. దగ్గరగా చూపించవచ్చా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: చూపించవచ్చు కానీ దగ్గరగా కాదు. ఎల్క్ అనే పెద్ద జింక, మన ఏటూరునాగారం అడవుల్లో తిరిగే కణుజుకు వరసకు చుట్టమే అనుకోండి, మే చివర నుంచి జూన్ నడుమ వరకు ఈనుతుంది. తల్లి తన పిల్లను గడ్డిలో పడుకోబెట్టి మేతకు పోతుంది. ఒంటి నిండా మచ్చలున్న ఆ పిల్ల కదలకుండా, మెదలకుండా పడి ఉంటుంది. పాపం తల్లి వదిలేసిందని జాలిపడి ముట్టుకోబోయేవారు ఏటా ఉంటారు. తల్లి ఎక్కడో దూరాన లేదు, చూస్తూనే ఉంటుంది, పైగా ఆ రోజుల్లో దానికి కోపం ముక్కు మీదనే ఉంటుంది. ఎల్క్‌లకు, కొండగొర్రెలకు 75 అడుగుల దూరం, అంటే రెండు ఆర్టీసీ బస్సులను వరుసగా నిలబెట్టినంత దూరం పాటించాలి. ఎలుగుబంటికి, మూస్ అనే ఇంకా పెద్ద జింకకు 120 అడుగులు, అంటే మూడు బస్సులు. మనుమడికి ఈ బస్సుల లెక్క చెప్పండి, మీకంటే వాడే ఖచ్చితంగా పాటిస్తాడు.

మంచి దుర్భిణి ఒకటి కొనుక్కుని షీప్ లేక్స్ దగ్గర ఉదయం పూట కూర్చోండి. చలికాలంలో అందని లవణాల కోసం కొండగొర్రెలు ఈ రోజుల్లో పై నుంచి దిగి, రోడ్డు దాటి వచ్చి అక్కడి మట్టిని నాకుతాయి. జూనియర్ రేంజర్ అనే పుస్తకం పిల్లలకు ఉచితంగా ఇస్తారు. అందులోని పనులు పూర్తిచేస్తే రేంజరు ప్రమాణం చేయించి బిళ్ళ పెడతారు.

ప్రశ్న: టికెట్టు గేటు దగ్గరనే దొరుకుతుందా?
— ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: దాన్ని నమ్ముకుని బయలుదేరకండి. ఇటీవలి సంవత్సరాల్లో మే చివర నుంచి అక్టోబరు నడుమ వరకు పగటిపూట లోపలికి పోవడానికి ప్రవేశ రుసుముతో పాటు సమయం నిర్ణయించిన అనుమతి కూడా ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవలసి వస్తున్నది. బేర్ లేక్ దారికి ఒకరకం, మిగతా పార్కుకు మరొకరకం. 2026 నుంచి మరో భారం వచ్చిపడింది: అమెరికా నివాసులు కాని, 16 ఏళ్ళు నిండిన సందర్శకులు ఈ పార్కుతో సహా 11 పార్కుల్లో మనిషికి 100 డాలర్లు అదనంగా కట్టాలి. వారికోసమే ఉన్న వార్షిక పాసు 250 డాలర్లు. ఒక్క పార్కుతో సరిపెట్టుకునే దంపతులకు పాసు దండగ, ఆ పదకొండింటిలో రెండో పార్కు కూడా చూసేట్లయితే పాసే నయం.

ప్రశ్న: మేము నలుగురు మిత్రులం. జూన్ రెండో వారంలో అక్కడే గుడారం వేసుకుని, వంట చేసుకుని, ఎమరాల్డ్ లేక్ వరకు నడవాలని ఉన్నది. సలహా ఇవ్వగలరు.
— ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: బేర్ లేక్ నుంచి ఎమరాల్డ్ లేక్‌కు పోను సుమారు మూడు కిలోమీటర్లే, దారిలో మరి రెండు సరస్సులు తగులుతాయి. జూన్‌లో ఆ బాట మీద ఉదయం గడ్డకట్టిన మంచు గాజులా జారుతుంది, మధ్యాహ్నం అదే మెత్తబడి మోకాలి దాకా దిగబడుతుంది. బూట్లకు తొడిగే ఇనుప ముళ్ళ పట్టీలు ఎస్టెస్ పార్క్‌లో అద్దెకు దొరుకుతాయి, చేతికర్ర కూడా తీసుకోండి. మంచు పరిచిన సరస్సు మీద కాలు పెట్టకండి, జూన్ మంచు పైకి గట్టిగా కనిపించినా లోపల కరిగిపోయి ఉంటుంది. వాగులు కూడా ఆ నెలలోనే పొంగుతాయి. బొగత దగ్గర బండల మీద ఎక్కి దిగిన ధైర్యం ఇక్కడ పనికిరాదు. నీళ్ళు అప్పుడే కరిగిన మంచు, పడితే ఈత వచ్చినవారికి కూడా కాళ్ళూ చేతులూ కొయ్యబారుతాయి.

వంట సంగతి. గుడారాలు వేసే మొరెయిన్ పార్క్ దాదాపు 2,500 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ నీళ్ళు సుమారు 92 డిగ్రీలకే మరుగుతాయి. మూత పెట్టిన గిన్నెలో కందిపప్పు ఉడకడానికి ఇంటి దగ్గర కంటే చాలా ఎక్కువసేపు పడుతుంది. చిన్న ప్రెషర్ కుక్కరు తీసుకువెళ్ళండి, లేదా పప్పు ఇంటి దగ్గర ఉడికించి తెచ్చుకోండి. తిన్న తరువాత అన్నం, కూరలు, ఆవకాయ సీసాతో పాటు మీ పళ్ళపేస్టును, సబ్బును కూడా గుడారంలో ఉంచకుండా అక్కడ అమర్చిన ఇనుప పెట్టెల్లో పెట్టి గొళ్ళెం వేయండి. ఎలుగుబంటికి వాసన వచ్చేదల్లా తిండే.