టీచరుగారిని అడగండి: చంటిపిల్లతో ఓడ ఎక్కొచ్చా?

ప్రశ్న: టీచరుగారూ, మాది అమలాపురం. మా అబ్బాయి కుటుంబం ఇంగ్లండులో ఉంటోంది. వచ్చే జూన్‌లో ఉద్యోగం మారి న్యూయార్క్ వెళ్తున్నారు. విమానం వద్దు, క్వీన్ మేరీ 2 అనే ఓడలో వెళ్దాం, నువ్వూ వస్తే పాపకి తోడుంటావు అంటున్నాడు. అప్పటికి మనవరాలికి ఏడాదిన్నర. ఏడు రాత్రులు సముద్రం మీదేనట. మా ఆయనేమో "సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితేనే నీకు కళ్లు తిరుగుతాయి, అట్లాంటిక్ దాటుతావా" అని ఎగతాళి. మీరు మనవడితో ఆ ఓడలో వెళ్లారని విని రాస్తున్నాను. ఏం చెయ్యమంటారు?
- ఒక నాయనమ్మ, అమలాపురం

జవాబు: వెళ్లండి. మీవారు అన్నది నిజమే, కళ్లు తిరుగుతాయి. కానీ తిరిగేది మీకు, పాపకి కాదు.

నేను వెళ్లింది మూడేళ్ల కిందట, మే నెలలో. సౌతాంప్టన్‌లో ఎక్కిన రెండో రాత్రి సముద్రం కాస్త లేచింది. నేను మంచానికి అతుక్కుపోయి, రాజోలు నుంచి పట్టుకెళ్లిన అల్లం మురబ్బా చప్పరిస్తూ దేవుళ్లకి దణ్ణాలు పెట్టుకుంటున్నాను. మా వాడికి అప్పుడు ఏడాదీ పది నెలలు. ఈ గోడ నుంచి ఆ గోడకి తూలుతూ నడవడం, చతికిలబడటం, "మళ్లీ" అనడం. వాడికది ఉయ్యాల. రెండేళ్లలోపు పిల్లలకి సాధారణంగా ఈ కుదుపు పట్టదనీ, ఆ తర్వాతే మొదలవుతుందనీ మా డాక్టరుగారు తర్వాత చెప్పారు. కాబట్టి ముందుజాగ్రత్త అంటూ పాపకి సొంతంగా మాత్రలేమీ వెయ్యకండి. డాక్టర్ని అడిగి మీ మాత్రలు మీరు తెచ్చుకోండి చాలు.

ఓడ గురించి రెండు ముక్కలు. విహారానికి తీరం వెంట తిరిగే ఓడలు వేరు, మహాసముద్రం దాటడానికి కట్టిన లైనరు వేరు. ఇది 2004లో మొదలైంది. నీళ్లలో పది మీటర్ల లోతుకి దిగి ఉంటుంది, ముక్కు పొడవు, ఉక్కు మందం. అందుకే పెద్ద అలలొచ్చినా కాస్త తమాయించుకుంటుంది. పొడవు 345 మీటర్లు. మన పి.గన్నవరంలో గోదావరి మీదుగా కాలువని దాటించిన 49 ఖానాల పాత అక్విడెక్టు మీద మీరు ఎన్నోసార్లు నడిచుంటారు, దాని పొడవులో దాదాపు సగం అనుకోండి. ఏడాది నిండని పిల్లల్ని ఈ అట్లాంటిక్ ప్రయాణానికి ఎక్కించుకోరు. మీ పాపకి ఆ ఇబ్బంది లేదు.

గది విషయంలో మాత్రం మొహమాటపడకండి. పై అంతస్తులో బాల్కనీ ఉంటే ఫొటోలు బాగుంటాయి, కానీ ఊపు ఎక్కువ. కింది అంతస్తులో, ఓడ నడిమధ్య ఉన్న గది అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, మీకు వేరే గది. ముగ్గురు పెద్దవాళ్లూ, పాప పడుకునే ఒక తొట్టీ ఒకే గదిలో ఉంటే ఏడు రాత్రుల తర్వాత మీ కోడలు మీతో మాట్లాడదు, మీరూ ఆవిడతో మాట్లాడరు. నాది కిటికీ లేని లోపలి గది. మొదట బాధపడ్డాను. తీరా చూస్తే దీపం ఆర్పితే అర్ధరాత్రే, మా వాడు మధ్యాహ్నాలు అందులోనే రెండేసి గంటలు నిద్రపోయాడు. తొట్టి కావాలని టిక్కెట్టు కొన్నప్పుడే రాయించాలి. మాకు టిక్కెట్లు చేసిన ఏజెంటు "అన్నీ ఉంటాయమ్మా" అని చెప్పి ఆ ఒక్కటీ రాయించలేదు. మొదటి రాత్రి వాడు నా పొట్ట మీదే పడుకున్నాడు.

ఇప్పుడు అసలు టెన్షన్. గడియారం. లండన్‌కీ న్యూయార్క్‌కీ అయిదు గంటల తేడా కదా, దాన్ని ఏడు రాత్రుల్లో అయిదు రాత్రులు, రాత్రికో గంట చొప్పున వెనక్కి తిప్పుతారు. పెద్దవాళ్లకి పండగే, రోజుకో గంట నిద్ర కలిసొస్తుంది. పిల్లాడికి ఎవరు చెప్తారు? ఆరింటికి లేచేవాడు అయిదింటికి లేచాడు, మర్నాడు నాలుగుంపావుకే లేచాడు. ఆ వేళ అంత ఓడలో మెలకువగా కనిపించింది నేలలు తుడిచేవాళ్లూ, వాడూ, నేనూ. ఏడో డెక్ మీద ఓడ చుట్టూ నడిచే దారి ఉంటుంది, మూడు చుట్లు తిరిగితే మైలు దాటుతుంది. వాడికి స్వెట్టరూ టోపీ తగిలించి, నేను చీర మీద అల్లుడి కోటు వేసుకుని తిరిగేదాన్ని. గాలికి కొంగు ఆగదు, చీర కుచ్చిళ్లకి రెండు పిన్నీసులు ఎక్కువ పెట్టుకోండి. మూడో రోజు నుంచి రాత్రి అరగంట ఆలస్యంగా పడుకోబెడితే కాస్త దారికొచ్చాడు.

తిండికి లోటు లేదు. బఫేలో అన్నం, పెరుగు, ఉడికించిన కూరలు, అరటిపళ్లు దొరికేవి. ఇంట్లో వండింది ఓడలోకి తీసుకురానివ్వరు. సీలు వేసిన డబ్బాలూ ప్యాకెట్లూ అయితే పర్వాలేదు. కరెంటు కుక్కరూ, ఇస్త్రీపెట్టె మాత్రం పెట్టెలో పెట్టకండి, తీసేసుకుంటారు. బట్టలు ఉతుక్కునే గదులు అక్కడే ఉన్నాయి, మిషను వాడినందుకు డబ్బు తీసుకోరు. డైపర్లు మాత్రం లెక్కకి ఇరవై ఎక్కువే పట్టుకెళ్లండి, సముద్రం మధ్యలో సందు చివర కిరాణా కొట్టు ఉండదు. విమానంలోలా రెండు పెట్టెల లెక్కా ఇక్కడ ఉండదు. కాపురం మొత్తం తరలించే మీ అబ్బాయికి ఓడ మోజు పుట్టడానికి అసలు కారణం అదే అని నా అనుమానం.

ఆడుకునే గది ఉంది. రెండేళ్లు నిండినవాళ్లని వదిలిపెట్టి రావచ్చు. అంతకన్నా చిన్నవాళ్లకి నర్సరీ వేరు, అందులో వేళలు పరిమితం. ఎక్కిన వెంటనే వెళ్లి రాయించుకోండి, మర్నాటికి అయిపోతాయి. మా వాడికి ఆ బొమ్మలేవీ పట్టలేదు. వాడి లోకమంతా కుక్కలే. ఈ ఓడలో కుక్కలకి ప్రత్యేకంగా గూళ్లున్నాయి, పైన అవి తిరిగే చోట ఒక ఇంగ్లీషు దీపస్తంభం, ఒక న్యూయార్క్ ఫైర్ హైడ్రెంటు (మంటలార్పడానికి వీధిలో ఉండే నీటి కుళాయి) పాతిపెట్టారు, వాటి అవసరాలకి! లోపలికి యజమానుల్నే పంపుతారు. మేము బయట నిలబడి, వచ్చే పోయే ప్రతి కుక్కకీ పేరు పెట్టాం.

అందుకే మీకో మాట చెప్తాను, మీ అబ్బాయి ఏమనుకున్నా సరే. "తోడుకి రా" అన్నాడంటే ఏం తోడో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ ఓడ టిక్కెట్టు ఖరీదంతా నాట్యశాలకీ, ప్లానెటేరియానికీ, సూట్లు వేసుకుని కూర్చునే రాత్రి భోజనాలకీ. పిల్లతో ఉన్నవాళ్లకి అందులో నాలుగో వంతు కూడా దక్కదు. ఎవరో ఒకరు గదిలో కూర్చోవాలి. ఆ ఒకరు ఏడు రాత్రులూ మీరే కాకుండా ఎక్కకముందే వంతులు మాట్లాడుకోండి. నేను మాట్లాడుకోలేదు. అయిదో రోజు నోరు తెరిచి అడిగితే అమ్మాయి పాపం ఏడ్చినంత పని చేసింది, "చెప్పొచ్చు కదమ్మా" అంది. ఆ రాత్రి పట్టుచీర కట్టుకుని ఒక్కదాన్నే వెళ్లి ప్లానెటేరియంలో కూర్చున్నాను. సముద్రం మధ్యలో, ఓడ లోపల, కప్పు మీద నక్షత్రాలు. మా నాయనమ్మ గుర్తొచ్చింది. మా నాన్నని చంకనేసుకుని కాకినాడలో నావ మీద వెళ్లి రంగం (బర్మాలోని రంగూన్) ఓడ ఎక్కిందట, డెక్ మీద చాప పరుచుకుని పడుకుందట. ఆవిడ నక్షత్రాలకి టిక్కెట్టు లేదు.

కాగితాలు: పాపకి ఏ దేశం పాస్‌పోర్టు ఉంటే ఆ లెక్కన అనుమతి ఉండాలి. మీకు ఇంగ్లండు వీసా, అమెరికా వీసా రెండూ ఎక్కకముందే చేతిలో ఉండాలి. ఓడ డాక్టరు ఫీజు బిల్లులో వేస్తారు కాబట్టి ప్రయాణ బీమా తప్పనిసరి. ఎక్కిన రోజు ప్రమాద కసరత్తు ఉంటుంది, పాప కొలతకి లైఫ్‌జాకెట్ అడిగి తీసుకుని ఒకసారి తొడిగి చూడండి.

చివరి రోజు తెల్లవారుజామున ఓడ వెరజానో వంతెన కింద నుంచి న్యూయార్క్‌లోకి వెళ్తుంది. పొగగొట్టానికీ వంతెనకీ మధ్య నాలుగైదు మీటర్లే. అది చూడాలని జనమంతా అలారం పెట్టుకుని, కళ్లు నులుముకుంటూ పైకొచ్చారు. మేమిద్దరం అప్పటికే గంట నుంచి అక్కడున్నాం.

ప్రశ్న: మా పాపకి తొమ్మిది నెలలు. అంత దూరాలు మావల్ల కాదు. విశాఖ నుంచి రెండు మూడు రోజుల ఓడ ప్రయాణం ఎలా ఉంటుంది?
- ఒక తండ్రి, భీమవరం

జవాబు: విశాఖలో 2023లో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభించారు. అంతకుముందు ఏడాది జూన్‌లో ఎంప్రెస్ అనే ఓడ అక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నై తిరిగింది. కానీ ఏడాది పొడవునా ఓడలుండవు, తేదీలు చూసుకుని సెలవు పెట్టండి. అక్టోబరు, నవంబరు మాత్రం వద్దు. ఆ నెలల్లో బంగాళాఖాతం సంగతి భీమవరం వాళ్లకి నేను చెప్పాలా? ఈత కొలను చూసి మురిసిపోకండి, డైపరు వేసుకునే పిల్లల్ని మామూలుగా అందులో దిగనివ్వరు. మీ ఆవిడకి విశ్రాంతి కోసమే అయితే, పాపని రెండు రోజులు అమ్మమ్మగారింట్లో ఉంచి మీరిద్దరూ వెళ్లడం నయం.

ప్రశ్న: ఏడాది బాబుతో పాపికొండలు లాంచీలో వెళ్లొచ్చా?
- కొవ్వూరు నుంచి ఒక తల్లి

జవాబు: వరద తగ్గాక, శీతాకాలంలో వెళ్లండి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిన సంగతి మనం మర్చిపోలేం. రేవులో బాబు కొలతకి లైఫ్‌జాకెట్ అడగండి. పెద్దవాళ్లది తెచ్చి తాడు బిగించి సరిపోతుందంటారు. సరిపోదు, బాబు అందులోంచి జారిపోతాడు. చిన్నది లేదంటే ఆ రోజు లాంచీ ఎక్కకండి. ఒడ్డున కూర్చోబెట్టి వచ్చే పోయే లాంచీలు చూపించండి, ఏడాది పిల్లాడికి అదీ ప్రయాణమే.