నొప్పి తగ్గింది కదా, ఇంకొన్నాళ్ళు ఆగొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 43. కింది దవడ పన్ను ఒకటి రెండేళ్ళుగా పుచ్చి ఉంది. నొప్పి వస్తే లవంగం నొక్కిపెట్టి, మెడికల్ షాపులో మాత్ర తెచ్చుకుని నెట్టుకొస్తున్నాను. మొన్న దసరాకి రెండు రాత్రులు కన్ను మూత పడలేదు, తర్వాత దానంతటదే తగ్గిపోయింది. మావారు వెళ్దామంటున్నారు గానీ నాకు ఇంజెక్షన్ అంటే భయం. పై పన్ను కూడా ఒకటి పుచ్చింది, అది పీకిస్తే చూపు పోతుందని మా అత్తయ్య గారు అంటున్నారు. ఇప్పుడు నొప్పి లేదు కదా, ఆగొచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆగొద్దమ్మా. అంత పోటు పెట్టిన పన్ను ఉన్నట్టుండి చల్లబడిందంటే చాలావరకు లోపలి నరం చచ్చిపోయిందనే అర్థం. పంటి పై పొర ఎనామిల్‌కి నరాలుండవు, అందుకే పుచ్చు మొదలైనప్పుడు ఏమీ తెలీదు. కాస్త లోపలికి దిగాక చల్లటి నీళ్ళకీ తీపికీ జివ్వుమంటుంది, అప్పుడొస్తే ఫిల్లింగ్‌తో పోయేది. నరం దాకా వెళ్ళాక రాత్రుళ్ళు పోటు. నరం చచ్చాక పోటూ ఉండదు, మనిషికి ధైర్యం వచ్చేస్తుంది, క్రిములు మాత్రం వేరు చివర నుంచి దవడ ఎముకలోకి దిగుతూనే ఉంటాయి. అద్దంలో ఒకసారి చూసుకోండి, ఆ పంటి దగ్గర చిగురు మీద మొటిమలాంటి పొక్కు ఉందేమో. అది చీము బయటికి రావడానికి చేసుకున్న దారి.

నొప్పి ఉంటే భయమేసి రారు, తగ్గితే అవసరం లేదని రారు. మరి ఎప్పుడొస్తారండీ? ఇంకే దారీ లేక ముఖం వాచాక వస్తారు. తిరకాసు అక్కడే ఉంది, చీము పట్టి వాచిన చోట మత్తు ఇంజెక్షన్ సరిగా పనిచేయదు. అలా వచ్చినవాళ్ళకి నిజంగానే ఎక్కువ నొప్పి పుడుతుంది, ఇంటికెళ్ళి ‘ప్రాణం పోయిందనుకో’ అని పది మందికి చెప్తారు, విన్న పది మందీ ఇంకో రెండేళ్ళు ఆగుతారు! మీరు విన్న కథల్లో సగం ఇవే అయ్యుంటాయి. ఇప్పుడు, వాపు లేనప్పుడు వెళ్తే సూది గుచ్చిన క్షణం చురుక్కుమంటుంది, అంతే. అది కూడా తగ్గాలంటే ముందు చిగురుకి మత్తు జెల్ రాయమని అడగండి, ‘చెయ్యెత్తితే ఆపాలి’ అని మొదటే మాట తీసుకోండి. ఇన్నాళ్ళూ ఏం చేశారని క్లాసు పీకే డాక్టరైతే ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి, మొహమాటం వద్దు.

లవంగం తప్పేం కాదు, అందులోని యూజెనాల్ మా మందుల్లోనూ ఉంది, మా క్లినిక్కుల వాసన సగం అదే. కానీ అది నొప్పిని మొద్దుబరుస్తుంది గానీ పుచ్చుని ఆపదు. యాంటీబయాటిక్ సొంతంగా కొనుక్కుని మింగడం అంతకంటే దండగ, చచ్చిన నరంలో రక్తం ఆడదు, మందు అక్కడికి చేరదు.

అత్తయ్య గారి మాటకొస్తే, చూపు నరం వేరు, పంటి నరం వేరు. చత్వారం వచ్చే వయసూ పళ్ళు పీకించుకునే వయసూ ఇంచుమించు ఒకటే కావడంతో ఈ నింద పంటి మీద పడింది.

ఖర్చు సంగతి మీరు రాయలేదు గానీ చాలామందిని ఆపేది అదే, మామూలు హెల్త్ పాలసీల్లో ఎక్కువ వాటికి పళ్ళ వైద్యం రాదు. మీ ఖమ్మంలోనే డెంటల్ కాలేజీ ఉంది. అలాంటి చోట ప్రొఫెసర్ల పర్యవేక్షణలో విద్యార్థులు చేస్తారు, టైమ్ పడుతుంది గానీ బిల్లు బాగా తగ్గుతుంది. ముందు ఎక్స్‌రే తీయించండి, రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయాలా, పీకాలా అన్నది దాన్ని బట్టే తేలుతుంది. ఈలోగా జ్వరంతో దవడ కింద వాచినా, నోరు తెరుచుకోకపోయినా, మింగలేకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్ళిపోండి.

ప్రశ్న: క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయనీ, సందులు పడతాయనీ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: సందులు ముందే ఉన్నాయండీ, గార వాటిని కప్పేసింది. గార వల్ల చిగురు కిందికి జారి ఎముక అరిగిపోతుంది, పన్ను వదులయ్యేది అందుకే. గార తీసేశాక అసలు సంగతి బయటపడుతుంది, మాట క్లీనింగ్‌కి వస్తుంది. కొన్నాళ్ళు చల్లటివి తగిలితే జివ్వుమనడం మామూలే. మీకు షుగర్ ఉన్నా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా కుర్చీలో కూర్చోకముందే చెప్పండి, ఆ మాత్రలు మీ అంతట మీరు మాత్రం ఆపకండి.