పేరున్న వంటకం ఆ ఊళ్ళోనే రుచించలేదంటే, ముందు వేళ చూసుకోండి

లక్నో, కాశీ, కోల్‌కతా వెళ్ళినప్పుడు పేరున్న వంటకాలను వెతుక్కుని మరీ తిన్నా అవి మామూలుగానే అనిపించాయని, చివరికి దోసెల హోటలే దిక్కయిందని రాశారు. డిసెంబరులో అమ్మగారిని, నాన్నగారిని కూడా తీసుకుని మళ్ళీ అటే బయలుదేరుతున్నారు కనుక ఈసారి ఎక్కడ తింటే బాగుంటుందని అడిగారు. బియ్యపు మిల్లుల్లో యంత్రాలు బిగించే ఉద్యోగంలో నేను ఇరవై రెండేళ్ళపాటు పంజాబు నుంచి అస్సాం దాకా తిరిగాను. ఒక్కోచోట పది పదిహేను రోజులు ఉండిపోయి, మూడు పూటలా బయటే తిన్నవాణ్ణి. ఆ అనుభవంతో చెబుతున్నాను. ఎక్కడ తినాలో ఆలోచించే ముందు ఎప్పుడు తినాలో తెలుసుకోండి. మన దేశంలో వంటకానికి ఊరితో ఎంత ముడి ఉంటుందో, పూటతోనూ, ఋతువుతోనూ, విస్తట్లో వడ్డించే వరుసతోనూ అంతే ముడి ఉంటుంది.

మీరు లక్నోలో నిహారీ రాత్రి భోజనానికి తిన్నానని రాశారు. నేను మొదటిసారి చేసిన పొరపాటూ అదే. నిహారీ అనే పేరే పగలు అనే అర్థమున్న 'నహార్' అనే అరబీ మాట నుంచి వచ్చింది. మాంసాన్ని రాత్రంతా సన్నని సెగ మీద ఉడకనిచ్చి, తెల్లవారాక కుల్చా రొట్టెలతో వడ్డించే వంటకం అది. ఇప్పుడు రోజంతా అమ్మే దుకాణాలు ఉన్నా, పొద్దున్న ఏడింటికి గుండిగ మూత తీసినప్పుడు ఉండే చిక్కదనం రాత్రి ఎనిమిదింటికి ఉండదు. మళ్ళీ మళ్ళీ వేడిచేయడం వల్ల అడుగున మసాలా మిగులుతుంది, ముక్క పీచు పీచుగా విడిపోతుంది. లక్నోలో రాత్రి కబాబులకు కేటాయించి, నిహారీకి ఒక ఉదయం వదిలిపెట్టండి. అలాగే కాశీలో కచోరీ, కూర, పక్కన వేడి జిలేబీ అనేది పొద్దుటి ఫలహారం. పది దాటాక దొరికినా అది చల్లారిపోయినదే తప్ప ఆ ఊరివాళ్ళు తినేది కాదు.

డిసెంబరు ప్రయాణం కావడం మీకు ఒక విధంగా అదృష్టమనే చెప్పాలి. కాశీలో 'మలయ్యో' అనే పాలనురుగు చలికాలంలో తప్ప దొరకదు. మరిగించిన పాలను రాత్రంతా ఆరుబయట మంచులో ఉంచి, తెల్లవారుజామున చిలికి, పైకి తేలిన నురుగును తీసి, కుంకుమపువ్వు కలిపి మట్టి ముంతల్లో పోసి ఇస్తారు. నోట్లో పెట్టుకుంటే నమలడానికి ఏమీ ఉండదు, చల్లదనమూ తీపీ మాత్రమే తెలుస్తాయి. ఎండెక్కితే నురుగు అణగిపోతుంది కనుక ఇదీ పొద్దుటి సరుకే. లక్నోలో దీన్నే మక్ఖన్ మలాయి అనీ, ఢిల్లీలో దౌలత్ కీ చాట్ అనీ అంటారు. బెంగాల్లోనూ ఈ నెలలోనే కొత్త ఈతబెల్లం వస్తుంది. వాళ్ళు 'నొలెన్ గుడ్' అనే ఆ బెల్లంతో చేసిన సందేశ్‌ను మామూలు సందేశ్ పక్కన పెట్టి చూస్తే రంగు లేత గోధుమ వర్ణంలో ఉంటుంది, వాసన ముక్కుకు ముందే తెలుస్తుంది. మేలో వెళ్ళి ఆ మిఠాయి బాగా లేదని అనుకోవడం, సంక్రాంతికి ముంజలు అడగడం లాంటిదే.

వేళ తప్పితే ఏమవుతుందో నాకు బాగా తెలిసివచ్చింది శ్రీనగర్‌లో. అక్కడ చలికాలంలో మాత్రమే చేసే హరీసా కోసం, హోటల్లో నింపాదిగా టీ తాగి పదింటికి వెళ్ళాను. దుకాణదారు పొయ్యి దిమ్మెలో పాతిన కుండను గరిటెతో గీకుతూ, లేదని చెయ్యి ఊపాడు. మర్నాడు తెల్లవారుతుండగానే వెళ్ళి నిలబడితే, మాంసమూ బియ్యమూ కలిపి రాత్రంతా ఉడికించి, కర్ర తెడ్డుతో తీగ సాగేదాకా మెదిపిన ముద్దను తూకం వేసి పళ్ళెంలో పెట్టాడు. దాని మీద పొగలు కక్కుతున్న నూనె ఒక గరిటెడు పోసేసరికి చుయ్యిమని పొంగింది. బయట మంచు, లోపల ఆ పొయ్యి వేడి, చేతిలో అప్పుడే కాల్చిన రొట్టె. ఆ వంటకం అంత తెల్లవారుజామున ఎందుకు తింటారో అక్కడ ఎవరూ వివరించాల్సిన అవసరం లేకపోయింది.

దీనికి పూర్తిగా తలకిందులు ఇండోర్. అక్కడి సరాఫాలో పగలు నగల దుకాణాలే ఉంటాయి. అవి మూసేశాక, రాత్రి తొమ్మిది దాటిన తర్వాత ఆ మెట్ల ముందే తినుబండారాల బండ్లు మొదలవుతాయి. రాత్రి అక్కడ తిని, పొద్దున్న మాత్రం అటుకులతో చేసే పోహా, జిలేబీతో సరిపెట్టుకోవాలి.

ఇక వడ్డన వరుస గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కోల్‌కతాలో భోజనం రుచించలేదన్న మీ ఫిర్యాదుకు అసలు కారణం ఇదేనని నా నమ్మకం. మనం ఆకులో అన్నీ ఒకేసారి వడ్డించుకుని, పప్పూ కూరా పచ్చడీ మన ఇష్టప్రకారం కలుపుకుని, చివర మజ్జిగతో ముగిస్తాం. బెంగాలీ భోజనం అలా సాగదు. బర్ధమాన్‌లో ఒక మిల్లు పని మీద ఉన్నప్పుడు, రైలు స్టేషను దగ్గర అన్నం హోటలుకు వెళ్ళి, ఉన్నవన్నీ ఒకేసారి తెమ్మన్నాను. వడ్డించే పెద్దాయన ఒక్క క్షణం నా ముఖం చూసి, అడిగినట్టే తెచ్చిపెట్టాడు. నేను ఎర్రగా కనిపించిన దాన్ని మన టమాటా పచ్చడి అనుకుని మొదటి ముద్దలోనే కలిపాను. అందులో ఖర్జూరాలు, తాండ్ర ముక్కలు, చక్కెర పాకం ఉన్నాయి. ఆ తీపి నాలుకకు పట్టుకున్నాక, తర్వాత తిన్న చేప పులుసు నీళ్ళలా అనిపించింది. ఎదురుగా కూర్చున్న ఒక గుమాస్తా తన ఆకులో చట్నీ పడాల్సిన చోటును వేలితో చూపించి, "అది చివర్న, దాదా" అని హిందీలో మెల్లగా చెప్పాడు.

మర్నాడు ఆ పెద్దాయననే వరుస చెప్పమన్నాను. ముందు కాకరకాయతో చేసే చేదు కూర శుక్తో, కొద్దిగా అన్నంతో. తర్వాత పప్పు, దానితో వేపుడు ముక్కలు. ఆ తర్వాత కూరగాయల కూర, చేప, మాంసం ఉంటే అది. అన్నం ముగిశాకే తియ్యని చట్నీ, అప్పడం, ఆపైన మిఠాయి. చేదుతో మొదలుపెట్టి ఒక్కో రుచినీ విడివిడిగా దాటుకుంటూ వెళ్ళినప్పుడు, ముందు రోజు నీళ్ళలా అనిపించిన చేప పులుసులోనే ఆవనూనె ఘాటు, కలోంజీ (నల్లజీలకర్ర) వాసన స్పష్టంగా తెలిశాయి. వంట అదే, చెయ్యీ అదే. కోల్‌కతాలో పాతకాలపు 'పైస్ హోటళ్ళు' కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. ఒకప్పుడు పైసాకు అన్నం పెట్టినవి కనుక ఆ పేరు. అక్కడికి మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా వెళ్ళండి, రెండు దాటితే మంచి చేపలు అయిపోతాయి. ఆ రోజు వండినవి పలకమీద రాసి ఉంటాయి. అరిటాకుకు, నిమ్మచెక్కకు కూడా విడిగా లెక్క కడతారు, అది ఆ హోటళ్ళ పద్ధతే తప్ప మోసం కాదు.

అస్సాంలో కూడా ఇటువంటి వరుసే ఉంది. అరటితొక్కల బూడిద నుంచి తీసిన క్షారంతో వండే 'ఖార్' మొదట, పుల్లని 'తెంగా' చివర వస్తాయి. గుజరాతీ తాలీలో మాత్రం మిఠాయి చివరికి ఆగదు. తియ్యటి గట్టి పెరుగు అయిన శ్రీఖండ్‌ను పూరీతో భోజనం మధ్యలోనే తింటారు, పప్పులోనూ బెల్లం తగులుతుంది. దాన్ని వంట చెడిందని అనుకోకుండా, పక్కన పెట్టిన ఫర్సాణ్ అనే కారపు చిరుతిళ్ళను కలుపుకుంటూ తినండి. చలికాలంలో సూరత్ వైపు వెళితే 'పోంక్' అడగండి. అది మన జొన్న ఊచబియ్యమే, సేవుతో కలిపి ఇస్తారు.

తేదీలు కూడా చూసుకోవాలి. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు, మన వైపు తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో గోవా హోటల్లో వంజరం దొరికినా అది చాలావరకు శీతల గిడ్డంగి నుంచి వచ్చినదే అయి ఉంటుంది. నవరాత్రుల్లో ఉత్తరాదిన చాలా హోటళ్ళు ఉల్లి, వెల్లుల్లి మానేస్తాయి. పుష్కర్‌లో, హరిద్వార్‌లో ఏడాది పొడుగునా మాంసం, గుడ్లు ఉండవు. నాగాలాండ్, మిజోరం వైపు ఆదివారం చర్చి రోజు కనుక దుకాణాలు దాదాపు అన్నీ మూసి ఉంటాయి, ముందు రోజే ఏదైనా కొని పెట్టుకోవాలి. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది, రాత్రి భోజనమూ తొందరగానే ముగిస్తారు. ఎనిమిదిన్నరకు తీరిగ్గా బయలుదేరి ఖాళీ కడుపుతో తిరిగివచ్చిన రాత్రులు నాకు కోహిమాలో రెండు ఉన్నాయి.

హోటలు ఎంచుకోవడానికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. బస చేసిన చోట మేనేజరును అడగను, కావలివాణ్ణీ ఆటో డ్రైవర్‌నూ అడుగుతాను. అదీ "మంచి హోటలు ఏది" అని కాదు, "మీరు ఈ పూట ఏం తింటారు, ఎక్కడ తింటారు" అని. మొదటి ప్రశ్నకు యాత్రికులు వెళ్ళే చోటు చెబుతారు, రెండో ప్రశ్నకు వంటకమూ వేళా చోటూ కలిసి వస్తాయి. శాకాహారం కావలసినవారు హిందీ ప్రాంతాల్లో 'వైష్ణో ఢాబా', 'భోజనాలయ్' అనే బోర్డులు చూసుకోవచ్చు. పెద్దవాళ్ళతో వెళ్ళినప్పుడు అప్పటికప్పుడు కళ్ళముందు వేడిగా చేసిపెట్టేవీ, జనం ఎక్కువగా వచ్చి పోయేవీ ఎంచుకుంటే కడుపు పాడయ్యే భయం చాలావరకు తగ్గుతుంది. నా ఇరవై రెండేళ్ళలో నన్ను ఇబ్బంది పెట్టినవి ఎక్కువగా రద్దీ లేని వేళ తిన్న భోజనాలే.

మీ అమ్మగారికీ నాన్నగారికీ ఒడిశాలోని పూరీ క్షేత్రంలో ఇబ్బంది ఉండదు. జగన్నాథ ఆలయ ప్రాంగణంలోని ఆనంద బజారులో మట్టికుండల్లో వండిన మహాప్రసాదం దొరుకుతుంది. అందులో ఉల్లి, వెల్లుల్లి, మిరపకాయ, బంగాళాదుంప, టమాటా వాడరు. నేను వెళ్ళినప్పుడల్లా మధ్యాహ్నం రెండు దాటాకే అన్నమూ, పప్పులో కూరగాయలు వేసి వండే దాల్మా వేడివేడిగా అందాయి. ఉదయం ఏదో ఒకటి తిని, ఆ వేళకు ఆకలితో వెళ్ళండి. ఎండాకాలమైతే ఒడిశా ఇళ్ళల్లో మధ్యాహ్నం 'పఖాళ' తింటారు. అది అచ్చంగా మన చద్దన్నం, మీ నాన్నగారికి కొత్తగా అనిపించదు.

పెరుగన్నం లేకపోతే అమ్మగారికి నిద్ర పట్టదని రాశారు కదా. కాశీ, పట్నా వైపు పొద్దున్నే 'దహీ చూడా' దొరుకుతుంది, అంటే అటుకుల్లో గట్టి పెరుగు. బెల్లం వద్దని చెప్పి, ఉప్పు అడిగి కలుపుకుంటే సరిపోతుంది. కోల్‌కతాలో మాత్రం మిఠాయి దుకాణంలో ఉత్త 'దోయి' అంటే తియ్యటి పెరుగే చేతిలో పెడతారు. 'టక్ దోయి' అని అడిగితే పుల్లని మామూలు పెరుగు మట్టి ముంతలో ఇస్తారు. రాత్రి భోజనానికి వెళ్ళేముందే కొని బసలో పెట్టుకోండి, ఎందుకంటే ఆ దుకాణాల్లో రాత్రయ్యేసరికి తియ్యటిదే మిగులుతుంది.