కంట్లో ఆయిల్ తీసేటప్పుడు ఏ గేజ్ అయితే మంచిది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి రెటీనా (కంటి వెనక ఉండే చూపు పొర) ఊడిపోతే ఆపరేషన్ చేసి కంట్లో సిలికాన్ ఆయిల్ పెట్టారు. నాలుగు నెలలైంది, ఇక తీసేద్దాం, 23 గేజ్‌తో చేస్తాం, కుట్లు కూడా పడకపోవచ్చు అన్నారు. 27 గేజ్ కూడా ఉందని విన్నాం, సన్నగా ఉంటే ఇంకా మంచిదే కదా, మరి అదెందుకు చెయ్యరు? అసలు ఆయిల్ తియ్యకుండా వదిలేస్తే ఏమౌతుంది?

జవాబు: ముందు చివరి ప్రశ్న చూద్దామమ్మా. వదిలేస్తే చాలామందిలో ఆయిల్ మెల్లగా చిన్న చిన్న బొట్లుగా విడిపోతుంది, ఆ బొట్లు కంటి ముందు గదిలోకి చేరి ప్రెషర్ పెంచుతాయి, నల్లగుడ్డు మీద తెల్లటి పొర వస్తుంది, శుక్లమైతే దాదాపు గ్యారంటీ. అందుకే రెటీనా బాగా అతుక్కుందనుకుంటే 3 నుంచి 6 నెలల మధ్య తీసేస్తాం. ఆయిల్ తీస్తే మళ్ళీ ఊడిపోతుందన్న భయం ఉన్న కళ్ళలో, ప్రెషర్ బాగా పడిపోయిన కళ్ళలో మాత్రం తెలిసే ఉంచేస్తాం, అది వేరే లెక్క.

ఇక గేజ్ సంగతి. గేజ్ అంటే కంట్లోకి పెట్టే గొట్టం సైజు నంబర్, అది పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. పాత 20 గేజ్ దాదాపు 0.9 మిల్లీమీటర్లు, 23 అయితే 0.6 చిల్లర, 25 అర మిల్లీమీటరు, 27 అయితే 0.4. వినడానికి తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ గొట్టంలో ప్రవాహం దాని వ్యాసార్థానికి నాలుగో ఘాతంగా మారుతుంది, అంటే సైజు సగమైతే ప్రవాహం సగం కాదు, 16వ వంతుకి పడిపోతుంది! పైగా లోపల ఉన్నది నీళ్ళు కాదు, మామూలుగా వాడే 1000 సెంటిస్టోక్స్ (చిక్కదనం కొలత) ఆయిల్ ఇంచుమించు ఆముదమంత చిక్కన, 5000 రకమైతే దానికి అయిదింతలు. అందుకే 27 గేజ్‌లోంచి చిక్కటి ఆయిల్ లాగడమంటే ఓపిక పరీక్షే, చెయ్యలేమని కాదు, టేబుల్ మీద టైం ఎక్కువ పడుతుంది, ఆ టైమంతా కన్ను ఇన్ఫ్యూజన్ ప్రెషర్ కింద, అంటే లోపలికి పంపే సెలైన్ ఒత్తిడి కింద ఉంటుంది. నన్నడిగితే ఆయిల్ తియ్యడానికి 23 మంచి మధ్యేమార్గం, 1000 ఆయిల్ అయితే 25 కూడా హాయిగా చేసుకోవచ్చు.

ఎలా తీస్తారంటే, నల్లగుడ్డు అంచు నుంచి మూడున్నర నాలుగు మిల్లీమీటర్ల వెనకగా తెల్లగుడ్డులో చిన్న కాన్యులాలు, అంటే సన్నటి పొట్టి గొట్టాలు పెడతారు, ఒకదాంట్లోంచి సెలైన్ లోపలికి వెళ్తుంది, ఇంకోదాంట్లోంచి ఆయిల్ బయటికొస్తుంది. ఇక్కడ ఒక చిట్కా ఉంది, కాన్యులా లోపలికి మళ్ళీ సూది దూరిస్తే దారి ఇంకా ఇరుకైపోతుంది కాబట్టి కాన్యులా తలకే పైనుంచి పొట్టి ట్యూబు తొడిగి మెషీన్ సక్షన్ ఇస్తారు, అప్పుడు కాన్యులా మొత్తం వెడల్పూ ఆయిల్‌కే దొరుకుతుంది, దారి పొడవూ తగ్గుతుంది. కొందరు సక్షనే లేకుండా లోపలి సెలైన్ ప్రెషర్‌తోనే ఆయిల్‌ని బయటికి నెట్టేస్తారు. అదే సిట్టింగ్‌లో శుక్లం కూడా తీస్తుంటే లెన్సు వెనక పొరలో చిన్న రంధ్రం చేసి శుక్లం కోత గుండానే ఆయిల్ తెచ్చెయ్యొచ్చు.

జాగ్రత్తంతా ఆఖర్లోనే. ఆయిల్ నీటికన్నా తేలిక, పడుకున్న మనిషిలో అది పైకి, అంటే కంటిపాప వైపు తేలుతుంది, బుడగ చిన్నదయ్యాక కన్ను కాస్త వంచి దాన్ని కాన్యులా దగ్గరికి తెచ్చుకోవాలి. చివరి బొట్టు వెళ్ళిపోగానే అదే సక్షన్‌కి ఇప్పుడు నీళ్ళు దొరుకుతాయి, ఒక్కసారిగా సర్రున లాగేస్తుంది, కన్ను మెత్తబడిపోతుంది, కాబట్టి సర్జన్ కాలు పెడల్ మీద సిద్ధంగా ఉండాలి. తర్వాత నీళ్ళు తీసి గాలి నింపడం, మళ్ళీ నీళ్ళు పెట్టడం ఇలా రెండు మూడు సార్లు చేస్తే మిగిలిన సన్న బొట్లు కూడా చాలావరకు వచ్చేస్తాయి. అన్నీ మాత్రం రావు, తర్వాత గుండ్రటి చుక్కలు తేలుతున్నాయని పెద్దాయన అంటే కంగారు పడకండి. రెటీనా అంచులు కూడా అప్పుడే చూసుకుని ఎక్కడైనా బలహీనంగా ఉంటే లేజర్ కొడతారు. నా లెక్కలో గేజ్ నంబరు కన్నా ఈ చూసుకోవడమే ముఖ్యం, మీరు డాక్టర్ని అడగాల్సింది కూడా అదే.

కుట్టు పడుతుందా అంటే చెప్పలేం. కాన్యులాని ఏటవాలుగా పెడితే తీశాక దారి దానంతటదే మూసుకుంటుంది, కానీ ఇంతకుముందు ఆపరేషన్ అయిన కన్ను కదా, మైనస్ పవర్ ఎక్కువున్న వాళ్ళకి తెల్లగుడ్డు పల్చగా కూడా ఉంటుంది, లీకైతే ప్రెషర్ పడిపోతుంది. అలాంటప్పుడు కరిగిపోయే కుట్టు ఒకటి వేసెయ్యడమే మేలు. కుట్టు వేశారంటే ఆపరేషన్ సరిగ్గా జరగలేదని అర్థం కాదు.

ప్రశ్న: ఆయిల్ ఉన్నప్పుడు రాయించిన అద్దాలు తర్వాత పనికొస్తాయా? విమానం ఎక్కొచ్చా?

జవాబు: పనికిరావు. ఆయిల్ వల్ల ఆ కంటికి దాదాపు 5, 6 ప్లస్ పవర్ అదనంగా వచ్చి ఉంటుంది, అది తీసేస్తే పోతుంది, కొన్ని వారాలాగి కొత్తవి రాయించుకోండి. విమానం మాత్రం, ఆపరేషన్ చివర కంట్లో గాలి గానీ గ్యాస్ గానీ వదిలితే ఆ బుడగ ఉన్నన్నాళ్ళూ వద్దు, పైకెళ్తే బుడగ సాగి కంటి ప్రెషర్ అమాంతం పెరుగుతుంది. ఉత్త గాలి అయితే కొద్ది రోజుల్లో పోతుంది, గ్యాస్ పెడితే వారాలు పట్టొచ్చు, ఏది పెట్టారో డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. మెరుపుల్లా కనిపించినా, ఒక పక్కనుంచి నల్లటి తెర దిగినట్టున్నా చెకప్ డేట్ దాకా ఆగకుండా ఆ రోజే చూపించండి.