తాతల నాటి మండువా ఇల్లు విప్పి, ఆ సామానుతో కొత్తిల్లు కట్టుకోవచ్చా?

ప్రశ్న: పాలకొల్లు దగ్గర మాకు పాత మండువా ఇల్లు (నడుమ పైకప్పు లేని వాకిలి, చుట్టూ గదులు) ఉంది. టేకు దూలాలు, బంగాళా పెంకు, సున్నంతో కట్టిన గోడలు. దాన్ని తీసేసి ఆ సామానుతోనే 30×20 అడుగుల పెంకుటిల్లు వేసుకోవాలని ఉంది. ఏది పనికొస్తుంది, ఏది రాదు?

జవాబు: కలప చాలావరకు వస్తుందండి. పెంకు ఏరుకోవాలి. ఇటుక మాత్రం పరీక్ష చేయకుండా ఒక్కటి కూడా గోడలోకి ఎక్కించొద్దు.

జేసీబీ పెట్టి కూలిస్తే ఇక ఈ ప్రశ్నే ఉండదు, మిగిలేది వంటచెరకు. ఇల్లు కట్టిన వరసకి తిరగేసి విప్పాలి: పెంకు, పెండెబద్దలు (పెంకు ఆనే అడ్డబద్దలు), వాసాలు, దూలాలు, స్తంభాలు, గుమ్మాలు, చివరికి గోడలు. పాత పనిలో అతుకులు చాలాచోట్ల కర్ర చీలలతో బిగించి ఉంటాయి. చీలని సన్న కొస వైపు నుంచి కొడితే వెనక్కి వచ్చేస్తుంది. గునపంతో పెకిలిస్తే బెజ్జం చీలి, దూలం కొసే పోతుంది. ప్రతి కర్రకీ పెయింటుతో నంబరు వేయించండి. సుద్దతో వేస్తే ఒక్క వానకే పోతుంది. విప్పే పని జనవరి నుంచి మే లోపు పెట్టుకోండి. అక్టోబరు, నవంబరు తుపాన్ల రోజుల్లో పైకప్పు తీసిన ఇంటిని వదిలేయకండి.

ఇక కలప. దూలం నడుమ ఎంత బాగున్నా, గోడలోకి దూరిన కొసలే ముందు పోతాయి. గాలి తగలదు, తేమ వదలదు. స్క్రూడ్రైవరు పెట్టి గట్టిగా పొడవండి. అర అంగుళం మెత్తగా దిగితే గట్టి చెక్క తగిలేదాకా కోసేయాలి. సుత్తితో కొడుతూ పోతే చేవ (లోపలి గట్టి చెక్క) ఉన్నచోట ఖంగుమంటుంది, గుల్లయినచోట డొల్ల మోత వస్తుంది. టేకు చేవకి చెద సులభంగా పట్టదు కానీ, అంచున ఉండే తెల్ల చెక్కకి పడుతుంది. దాన్ని చెక్కేయించండి. తాటి దూలాలుంటే వాటి లెక్క వేరు: బలమంతా బయటి నల్ల పొరలోనే ఉంటుంది, లోపల మెత్తన. వాటిని చెక్కి సన్నం చేస్తే పనికిరావు.

అమ్మడానికైనా కొనడానికైనా కొలత ఇలా వేస్తారు: వెడల్పు, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో, మూడూ గుణించి 144తో భాగించాలి. 8×6 అంగుళాల, 12 అడుగుల దూలం 4 ఘనపుటడుగులు. రెండు కొసలా అడుగు చొప్పున కోసి, నాలుగు వైపులా పావు అంగుళం చిత్రిక పడితే 7.5×5.5 అంగుళాలు, 10 అడుగులు. అంటే సుమారు 2.86 ఘనపుటడుగులు. పావు వంతు కన్నా ఎక్కువే పోయింది. అడితి (కలప దుకాణం) వాడితో బేరమాడేటప్పుడైనా, మీ కర్ర సరిపోతుందో లేదో చూసుకునేటప్పుడైనా ఈ రెండో లెక్కే వేసుకోండి.

పాత బెజ్జాలున్న దూలాన్ని పెట్టేటప్పుడు, నడుమ భాగంలో కింది అంచున బెజ్జం రాకుండా తిప్పి పెట్టాలి. బరువుకి దూలం కింది అంచే సాగుతుంది, చీలిక అక్కడే మొదలవుతుంది. తిప్పినా కుదరకపోతే దాన్ని గుమ్మాలకి, కిటికీలకి కోయించండి. కోతమిల్లుకి పంపేముందు అయస్కాంతం పెట్టి ప్రతి ముఖం తడమండి. తల తెగి లోపల ఉండిపోయిన ఇనప మేకు పైకి కనపడదు. చుట్టూ నల్లమరక ఉంటే అక్కడ మేకు ఉందనే అర్థం. రంపం పన్ను విరిగితే డబ్బులు మీ దగ్గరే వసూలు చేస్తారు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి గుమ్మాలు పొడిగా రుద్దించకండి. తడిపి గీకించండి, ముక్కుకి మాస్కు ఉండాలి.

పాత గుమ్మాలు పొట్టివి. కొత్త నేల మీద టైల్సు, కింద మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) కలిపి ఇంకో రెండంగుళాలు తినేస్తాయి. నిలువు కర్రలకి అతుకు వేసి ఎత్తు పెంచడం నాకు నచ్చదు. కింద రాతి గడప వేసి, దాని మీద గుమ్మం నిలబెట్టడం మేలు.

ఇటుక దగ్గరే డెల్టాలో ఎక్కువమంది దెబ్బ తినేది. గోడ అడుగున మూడు నాలుగు అడుగుల దాకా తెల్లపొడి రాలుతూ, పెచ్చులు ఊడుతూ ఉంటుంది చూడండి, అది ఉప్పు. నేలలోంచి తేమతో పైకెక్కి, నీరు ఆరిపోయాక లోపల పలుకులు కట్టి ఇటుకని పగలగొడుతుంది. ఆ ఇటుకని కొత్త గోడలో పెడితే ఉప్పుని కూడా కొత్తింట్లోకి తెచ్చుకున్నట్టే. పశువుల పాక గోడ ఇటుక కూడా అంతే, మూత్రం పీల్చుకుని ఉంటుంది.

పరీక్ష సులువే. గోడ పై భాగం నుంచి ఐదు, అడుగు నుంచి ఐదు ఇటుకలు తీయండి. పళ్ళెంలో అంగుళం లోతు మంచినీళ్ళు పోసి ఇటుకని నిలువుగా పెట్టి, నీళ్ళు పూర్తిగా ఇంకి ఆరేదాకా వదిలేయండి. మళ్ళీ పోసి ఇంకోసారి. పైన పల్చటి తెల్లపూత వస్తే వాడుకోవచ్చు, పొడిగా రాలినా పొరలు లేచినా వద్దు. రెండో పరీక్ష బరువు: ఎండబెట్టి తూచి, 24 గంటలు నానబెట్టి మళ్ళీ తూయండి. అయిదో వంతు కన్నా ఎక్కువ బరువు పెరిగితే ఆ ఇటుక బయటి గోడకి పనికిరాదు. సున్నం అంటిన ఇటుకలు కత్తితో గీకితే శుభ్రమవుతాయి. మధ్యలో ఎవరైనా సిమెంటుతో మరమ్మతు చేసి ఉంటే ఆ భాగం మీద ఆశ వదులుకోండి, మాలు కంటే ముందు ఇటుకే విరుగుతుంది. మంచి పాత ఇటుకకి కూడా ఘాటు సిమెంటు మాలు వద్దు. ఒక పాలు సిమెంటుకి ఆరు పాళ్ళ ఇసుక (1:6) చాలు, సున్నం మాలైతే ఇంకా మంచిది. పునాది మీద తేమ పట్టీ (నేల తేమ గోడకెక్కకుండా వేసే పొర) లేకుండా గోడ లేపారంటే ఈ ఏరివేతంతా దండగ.

పెంకుకి లెక్క: 30×20 ఇంటికి చుట్టూ రెండున్నర అడుగుల చూరు వదిలి, 30 డిగ్రీల వాలు పెడితే పైకప్పు సుమారు 1,010 చదరపు అడుగులు. దానికి 1,450 నుంచి 1,500 పెంకులు పడతాయి, పగుళ్ళకి ఇంకో 150 ఉంచుకోండి. వెనక ముద్ర చూసి ఒక్కో కంపెనీవి విడదీయండి. రెండు కంపెనీల పెంకులు పైకి ఒకేలా ఉన్నా గాడి కలవదు, ఆ సందులోంచే కారుతుంది. పెండెబద్దల ఎడం కూడా ఎవరో చెప్పిన కొలతకి కాకుండా, మీ పెంకులే ఆరు వరసలు నేల మీద పేర్చి తీసుకోండి. చూరు వెంబడి రెండు వరసలు తీగతో కట్టించాలి, గాలివానకి ముందు లేచేవి అవే. మండువా మళ్ళీ పెట్టుకుంటే నాలుగు మూలల కాలువ రేకులు మాత్రం కొత్తవే వేయండి.

పాత శ్లాబులోంచి తీసిన తుప్పు ఊచలు కొత్త కాంక్రీటులో వాడొద్దు. సిమెంటు రేకులుంటే కోయకుండా, పగలగొట్టకుండా, తడిపి దించాలి. దుమ్ములో రాతినార (ఆస్బెస్టాస్) ఉంటుంది. టేకుని ఊరు దాటించేముందు ఇంటి పన్ను రసీదు, సామాను పట్టిక దగ్గర పెట్టుకుని, అటవీశాఖ ఆఫీసులో రవాణా అనుమతి సంగతి కనుక్కోండి.