ఇరుకైన అక్షరానికి పెద్ద సైజే అందం

ప్రశ్న: కడప వై.వి. స్ట్రీట్ దగ్గర శుభలేఖలు డిజైన్ చేసే చిన్న దుకాణం మాది. ఇంగ్లీషు పేర్లకు ఈమధ్య కండెన్స్‌డ్ సెరిఫ్ డిస్‌ప్లే ఫాంటు (గీతల చివర సెరిఫ్ అనే చిన్న కొసలుండే, పెద్ద సైజు కోసం గీసిన ఇరుకు అక్షరాలు) వాడుతున్నాము. పేర్లు హుందాగా వస్తున్నాయి కానీ, అదే ఫాంటులో వేసిన ముహూర్తం, మండపం చిరునామా చదవలేకపోతున్నామని పెద్దవాళ్లు అంటున్నారు. లోపం ఫాంటుదా, ప్రింటింగుదా? తెలుగును కూడా ఇలాగే నొక్కి వాడవచ్చా?
— ఒక పాఠకురాలు, కడప

జవాబు: లోపం రెండింటిదీ కాదండీ. పెద్ద సైజు కోసం గీసిన అక్షరాన్ని చిన్న సైజులో వాడడమే ఇబ్బందికి కారణం.

ఈ తరహా ఫాంట్లలో చాలావాటికి మూలం 18వ శతాబ్ది చివర పారిస్‌లో డిడో కుటుంబం, ఇటలీలోని పార్మాలో జాంబటిస్టా బొడోనీ తయారుచేసిన అక్షరాలు. నిలువు గీత దిట్టంగానూ, అడ్డగీత, గీతల చివరి సెరిఫ్ అతి సన్నగానూ ఉండడం వాటి లక్షణం. 19వ శతాబ్దంలో పోస్టర్లు పెరిగాక, తక్కువ వెడల్పులో పెద్ద మాట పట్టించడానికి ఇరుకు అక్షరాలు విరివిగా వాడుకలోకి వచ్చాయి.

మన సీమ పేర్లకు ఇవి బాగా అక్కరకొస్తాయి. వెంకటసుబ్బారెడ్డి వంటి పేరును ఇంగ్లీషులో రాస్తే 17 అక్షరాలవుతాయి. అంగుళానికి 72 పాయింట్ల లెక్కన, 4 అంగుళాల జాగాలో ఒక్కో అక్షరానికి 17 పాయింట్ల వెడల్పే దక్కుతుంది. మామూలు ఫాంటు ఆ వెడల్పులో పొట్టిగా మిగిలిపోతుంది, ఇరుకు ఫాంటు మాత్రం నిటారుగా ఎత్తు పెరిగి కార్డుకు నిండుదనం తెస్తుంది. పెద్దబడి అక్షరాల నడుమ కాస్త ఎడం ఇస్తే ఇంకా బాగుంటుంది.

అదే ఫాంటును 8 పాయింట్లకు దించితే, స్క్రీన్ ప్రింటింగులో సన్నగీతలు తెగిపోతాయి. ముదురు రంగు మీద తెల్లగా వదిలితే సిరా పాకి పూడిపోతాయి. ఇంగ్లీషు చిన్నబడి ‘ఈ’ (e), ‘సి’ (c)ల లోపలి ఖాళీ ముందే ఇరుకు కనుక ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకుంటారు. అందుకే పేర్లు 24 పాయింట్లకు తగ్గకుండా ఈ ఫాంటులో ఉంచి, ముహూర్తానికీ చిరునామాకూ మామూలు వెడల్పున్న పుస్తక ఫాంటు తీసుకోండి.

ఇక నొక్కడం గురించి. సాఫ్ట్‌వేర్‌లో పక్కల నుంచి నొక్కితే నిలువు గీతలు పలచబడతాయి, అడ్డగీతలు మాత్రం ఉన్న మందంలోనే ఉండిపోతాయి. అసలైన కండెన్స్‌డ్ ఫాంటులో డిజైనరు ప్రతి గీత మందాన్నీ విడిగా సరిచూసి గీస్తాడు. ఇంగ్లీషుకే ఇంత చేటు జరిగితే, వంపులే ప్రాణమైన తెలుగుకు మరీ అన్యాయం జరుగుతుంది. ‘ఠ’, ‘ర’ కోడిగుడ్డులా సాగుతాయి, ‘క్ష్మి’లో ఒత్తు ముద్దకడుతుంది. తెలుగును నొక్కవద్దు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మండలి, సూరన్న, రామభద్రలను అసలు సైజులో అచ్చు తీసి, మీ ఇంగ్లీషు ఫాంటు పక్కన పెట్టి ఎంచుకోండి. పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగలనంత ఎడం వరుసల మధ్య తప్పక వదలండి.