రంజాన్ నెలలో కువైట్ ప్రయాణం: షుగర్ మాత్ర వేసుకుని తిండి మానొద్దు

ప్రశ్న: మాది రాయచోటి. నాకు 58 ఏళ్లు, 12 ఏళ్లుగా షుగర్ ఉంది. పొద్దున గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర, రాత్రి ఇన్సులిన్ తీసుకుంటాను. కోడలి కాన్పుకు కువైట్ వెళ్తున్నాను. అప్పుడు రంజాన్ నెల. పగలు బయట మంచినీళ్లు కూడా తాగకూడదంటున్నారు. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు ఉపవాసం ఉండనక్కర్లేదు. కువైట్‌లో 1968 నాటి చట్టం ప్రకారం ఉపవాస వేళల్లో నలుగురిలో తినడం, తాగడం నేరం. 100 దినార్ల దాకా జరిమానా, నెల వరకు జైలు పడొచ్చు. ఇతర మతాల వాళ్లకూ ఇది వర్తిస్తుంది. కారులో కూర్చుని తాగినా బయట తాగినట్టే అనుకోండి. ఇంట్లో మాత్రం మీ తిండికి అడ్డేమీ లేదు.

నా భయం వేరే. పొద్దున మాత్ర వేసుకుంటారు. ఆస్పత్రికో బజారుకో వెళ్తారు. తినే చోటు దొరక్క, అడగడానికి మొహమాటపడి, మధ్యాహ్నం భోజనం మూడింటికో నాలుగింటికో జరుగుతుంది. మీరు తిన్నా తినకపోయినా గ్లిమిపిరైడ్ షుగర్‌ను దించుతూనే ఉంటుంది. అందుకే బయటి పనులు టిఫిన్ తిన్నాక మొదలుపెట్టి భోజనం వేళకు ఇల్లు చేరేలా చూసుకోండి, లేదా ఇఫ్తార్ అయ్యాక పెట్టుకోండి. ఆ నెలలో దుకాణాలు అర్ధరాత్రి దాకా తీసే ఉంటాయి. కోడలి దగ్గర ఆస్పత్రిలో ఉండాల్సి వస్తే, మీకు షుగర్ ఉందని నర్సుకు ముందే చెప్పి ఎక్కడ తినొచ్చో అడగండి.

చేతులు వణకడం, చెమటలు, గుండె దడ, కళ్లు తిరగడం ఉంటే షుగర్ పడిపోతున్నట్టే. 70 కన్నా తగ్గితే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలుపుకుని తాగండి. 15 నిమిషాలకు మళ్లీ చూసుకోండి. పంచదార పొట్లం, గ్లూకోమీటర్ హ్యాండ్‌బ్యాగులోనే ఉండాలి. ఆ క్షణంలో ఎవరేమంటారోనని ఆగొద్దు. పక్కకు వెళ్లే ఓపిక లేకపోతే ఉన్నచోటే తాగేయండి. రోగులకు ఉపవాసం నుంచి మినహాయింపు ఇస్లాంలోనే ఉంది.

ఇన్సులిన్‌ను లగేజీలో వేయకుండా చేతిసంచిలో పెట్టుకోండి. కువైట్ సమయం మనకన్నా రెండున్నర గంటలు వెనక. మీది రోజుకొకసారి వేసుకునే రకమైతే అక్కడి రాత్రి వేళకు మార్చుకోవచ్చు. భోజనానికి ముందు వేసుకునే రకమైతే మాత్రం అన్నం సిద్ధమయ్యాకే వేసుకోవాలి. మందులు స్ట్రిప్పుల్లోనే, ప్రిస్క్రిప్షన్‌తో తీసుకెళ్లండి. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రల మీద అక్కడ గట్టి ఆంక్షలున్నాయి. ఎవరో ఇచ్చిన మందుల పొట్లం అస్సలు పట్టుకెళ్లొద్దు.

ఇరుగుపొరుగు ఇఫ్తార్ పళ్లెం పంపితే ఒక ఖర్జూరం తినండి, పాకంలో ముంచిన లుకైమాత్ మాత్రం పిల్లలకు వదిలేయండి. గ్లిమిపిరైడ్ డోసు తగ్గించాలో, వేరే మాత్రకు మారాలో బయల్దేరే రెండు వారాల ముందే మీ డాక్టరును అడగండి.